పాత వెండి రూపాయి: అసలేదో నకిలీ ఏదో

విక్టోరియా రాణి, జార్జి చక్రవర్తి, చార్మినార్ బొమ్మలున్న పాత వెండి రూపాయలకు ఇవాళ రెండు ధరలు నడుస్తున్నాయి. ఒకటి వాటిలో ఉన్న వెండి ధర. రెండోది, అరుదైన నాణెం కోసం సేకరణదారులు ఇచ్చే ధర. మొదటిది పెరిగినప్పుడల్లా పేరులో తప్ప వెండి లేని జర్మన్ సిల్వర్ మీద వెండి పూత పూసి అమ్మేవాళ్లు తయారవుతారు. రెండోది పెరిగినప్పుడల్లా అసలు వెండితోనే అరుదైన సంవత్సరాన్ని అచ్చు గుద్దేవాళ్లు తయారవుతారు. మొదటి రకం మోసం లోహంలో ఉంటుంది, రెండోది అచ్చులో ఉంటుంది. ఒకదాన్ని పట్టే పరీక్ష రెండోదాన్ని పట్టదు. మూడో రకం కూడా ఉంది. దీపావళికి, అక్షయ తృతీయకు నగల దుకాణాలు అమ్మే రాణి బొమ్మ వెండి బిళ్ళలు కొత్తగా చేసినవే. అవి ఎవరినీ మోసగించడానికి పుట్టలేదు. పదేళ్లు బీరువాలో ఉండి నల్లబడ్డాక, చేతులు మారి, పాత నాణేలుగా సంతకు వస్తాయి.

అందుకే ఒకే ఒక్క పరీక్షను నమ్ముకుని తీర్పు చెప్పడం కుదరదు. బరువు, లోహం, తేదీ, బిరుదు, అంచు, ధర ఒకదానితో ఒకటి పొసగాలి. నకిలీ నాణెం ఎక్కడో ఒకచోట తన మాటకు తానే అడ్డం తిరుగుతుంది.

అసలు నాణెం ఎలా ఉండాలో ముందు తెలియాలి. ఈస్టిండియా కంపెనీ 1835లో తన పాలనలో ఉన్న ప్రాంతమంతటికీ ఒకే రూపాయిని తెచ్చింది. దాని బరువు 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. పన్నెండు పాళ్లలో పదకొండు పాళ్లు వెండి, అంటే నూటికి 91.7 వంతులు, మిగిలింది రాగి. అడ్డంగా కొలిస్తే సుమారు 30.5 మిల్లీమీటర్లు. ఈ లెక్క 1939 దాకా మారలేదు. పాత తులం బరువు కూడా ఇదే కాబట్టి కంసాలులు, నాటు వైద్యులు రూపాయినే తూకపు రాయిగా వాడేవారు. ఇప్పుడు నగల దుకాణంలో తులమంటే 10 గ్రాములు. రూపాయి తులం తూగాలి అన్న పాత మాటను ఇవాళ్టి తులంతో సరిచూస్తే అసలు నాణెం కూడా తప్పుగానే కనిపిస్తుంది.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో వెండికి కరువొచ్చింది. 1940 నుంచి 1945 దాకా వచ్చిన రూపాయల్లో వెండి సగమే. నూటికి 40 వంతులు రాగి, నికెల్, జింకు చెరో 5 వంతులు. వెండి తగ్గితే దొంగ నాణేలు చేయడం తేలికవుతుంది కనుక ఆ రోజుల్లో అంచు నడుమ గాడి తీసి, అందులో చిన్న నగిషీ వేసే పద్ధతి తెచ్చారు. 1947 నాటి రూపాయిలో వెండి అసలే లేదు, అది పూర్తిగా నికెల్. వెనకవైపు పులి బొమ్మ ఉంటుంది, అయస్కాంతానికి అతుక్కుంటుంది. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది వెండి రూపాయి అంటూ ఎవరైనా అమ్మజూపితే, నాణెం అసలుదే అయినా మాట అబద్ధమని అర్థం.

కొనేవారి చేతిలో ఉన్న మొదటి ఆయుధం తేదీ. దానికి ఏ పరికరమూ అక్కర్లేదు. కంపెనీ రూపాయల మీద ఏటా తేదీ మార్చే అలవాటు లేదు. నాలుగో విలియం బొమ్మ ఉన్న రూపాయి మీద 1835 అనే ఉంటుంది. విక్టోరియా పడుచు బొమ్మతో వచ్చిన కంపెనీ రూపాయి మీద 1840 అనే ఉంటుంది, ఆ తర్వాత రెండు దశాబ్దాలు గుద్దినా అదే తేదీ. కంపెనీ చేతి నుంచి పాలన బ్రిటిష్ రాణి చేతికి వెళ్లాక 1862 తేదీతో కొత్త రూపాయి వచ్చింది. దాన్నీ 1874 దాకా అదే తేదీతో గుద్దారు. కాబట్టి 1841 నుంచి 1861 దాకా, 1863 నుంచి 1873 దాకా ఏ తేదీ వేసి ఉన్నా అది చలామణిలో తిరిగిన రూపాయి కాదు. 1857 తేదీతో ‘సిపాయిల తిరుగుబాటు నాటి రూపాయి’ ఎవరైనా చూపిస్తే ఇక కాటా దాకా వెళ్లాల్సిన పనే లేదు.

తేదీతోపాటు బిరుదు చూడాలి. విక్టోరియా భారత చక్రవర్తిని బిరుదు తీసుకున్నాక, 1877 నుంచి రూపాయల మీద ‘విక్టోరియా ఎంప్రెస్’ అని వచ్చింది. అంతకు ముందు ‘విక్టోరియా క్వీన్’. తేదీ 1862, పేరు పక్కన ఎంప్రెస్ ఉంటే నకిలీ చేసినవాడు రెండు వేర్వేరు నాణేల అచ్చులు కలిపాడన్నమాట. ఇలాంటివి నిజంగానే సంతల్లో దొరుకుతాయి. బొమ్మా బొరుసూ కలపడంలో నకిలీవాళ్లకు చరిత్ర మీద పెద్దగా శ్రద్ధ ఉండదు. విక్టోరియా రూపాయలు 1901తో ఆగాయి. కిరీటం లేని తలతో ఏడో ఎడ్వర్డ్ రూపాయలు 1903 నుంచి 1910 దాకా వచ్చాయి. 1911లో అయిదో జార్జి మొదలవుతాడు.

ఆ 1911 రూపాయికి ఒక కథ ఉంది. రాజు వేసుకున్న అంగీ మీది హారంలో చిన్న ఏనుగు బొమ్మ ఉంటుంది. మొదటి అచ్చులో దాని తొండం, కాళ్లు పొట్టిగా పడి పందిలా కనిపించింది. జనంలో, ముఖ్యంగా ముస్లింలలో, దానిపై నిరసన రావడంతో నాణేలను ఆపేశారు. కలకత్తా, బొంబాయి టంకశాలల్లో గుద్దిన 94 లక్షల నాణేల్లో బయటికి వెళ్లినవి 7 లక్షలే. మిగిలినవి కరిగించి, 1912 నుంచి ఏనుగును సరిదిద్దిన అచ్చు వాడారు. ఇవాళ ‘పిగ్ రూపాయి’ పేరుతో దానికి గిరాకీ ఉంది. 1911 తేదీ వేసి, ఏనుగు మాత్రం చక్కగా తొండంతో కనిపిస్తే ఆ తేదీని అనుమానించాలి. భూతద్దం లేకుండా ఈ తేడా తెలియదు.

సేకరణదారులు ఎక్కువ డబ్బు పోగొట్టుకునే నాణెం మాత్రం 1939 నాటి ఆరో జార్జి రూపాయి. 91.7 వంతుల వెండితో వచ్చిన చిట్టచివరి రూపాయి అదే, మార్కెట్లో చాలా అరుదు. దాని పక్కనే 1938 రూపాయి ఉంది, అది మామూలుగా దొరికేది. 8ని 9గా మార్చడానికి కాస్త వెండి, చిన్న ఉలి, ఓపిక చాలు. పదింతలు పెద్దగా చూపే భూతద్దంతో చూస్తే, అసలు అంకె నాణెం ఒంట్లోంచి పొంగినట్టు ఉంటుంది. అతికించిన అంకె మొదట్లో సన్నని గీత, పక్కన రాపిడి మెరుపు కనిపిస్తాయి. చుట్టూ ఉన్న నేల అంతా నల్లబడి, చివరి అంకె చుట్టూ మాత్రం తేటగా ఉంటే అక్కడ ఎవరిదో చేయి పడిందన్నమాట. ఈ మోసంలో బరువు సరిపోతుంది, లోహం సరిపోతుంది, శబ్దం సరిపోతుంది. కంటికి తప్ప దేనికీ దొరకదు.

హైదరాబాద్ సంస్థానపు రూపాయలది వేరే లెక్క. నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, చార్మినార్ బొమ్మతో రూపాయలు వచ్చాయి. తర్వాతి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ అదే బొమ్మను కొనసాగించారు. చార్మినార్ ద్వారంలో మహబూబ్ కాలపు నాణెం మీద ‘మీమ్’ అక్షరం, ఉస్మాన్ కాలపు నాణెం మీద ‘ఐన్’ అక్షరం ఉంటాయి. ఈ రూపాయి బరువు 11.18 గ్రాములు, వెండి నూటికి 81.8 వంతులు. యుద్ధకాలంలో వెండిని 50 వంతులకు తగ్గించారు. బ్రిటిష్ రూపాయి లెక్కతో దీన్ని తూచి, తక్కువ తూగిందని అసలు నాణేన్ని తిప్పికొట్టినవాళ్లు ఉన్నారు. చార్మినార్ రూపాయి 11.66 గ్రాములు తూగితేనే అనుమానించాలి.

వీటి మీద హిజ్రీ సంవత్సరం, నిజాం పాలనా సంవత్సరం రెండూ పారశీ అంకెల్లో ఉంటాయి. అక్షరాలు కుడి నుంచి ఎడమకు వెళ్లినా అంకెలు మనలాగే ఎడమ నుంచి కుడికి చదవాలి. ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కింది 1911 ఆగస్టులో, అంటే హిజ్రీ 1329లో. ఆ లెక్కన హిజ్రీ 1337 నాణెం మీద పాలనా సంవత్సరం 8 లేదా 9 ఉండాలి. అక్కడ 15 కనిపిస్తే ఆ నాణెం టంకశాలలో పుట్టింది కాదు. పది అంకెలు నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు. హైదరాబాద్ నాణేలు కొనాలనుకునేవారికి అంతకన్నా లాభసాటి చదువు లేదు.

తేదీ గండం గట్టెక్కిన నాణేన్ని తూకానికి పెట్టాలి. గ్రాములో వందో వంతు చూపే చిన్న డిజిటల్ కాటా ఇప్పుడు ఖరీదైన వస్తువేమీ కాదు. చేతులు మారి అరిగిన రూపాయి 11.66 కన్నా కొంచెం తక్కువ తూగడం సహజం. అరిగితే బరువు తగ్గుతుంది తప్ప పెరగదు. అరిగి బొమ్మ చెరిగిపోయిన నాణెం కొత్తదాని బరువు తూగినా, గీత గీత కనిపించే నాణెం 11 గ్రాములే తూగినా పొసగనట్టే. వెండి వడ్డాణాల్లోంచి, నాణేల దండల్లోంచి తీసిన నాణేలు ఒక మినహాయింపు. కొక్కెం తీశాక మిగిలిన టంకం వల్ల బరువు కాస్త పెరుగుతుంది. అంచు మీద ఒకచోట గరుకుగా, రంగు తేడాగా మచ్చ ఉంటే కొక్కెం ఉండేదని తెలుస్తుంది. అలాంటిది అసలు నాణెమే గానీ సేకరణదారుల దృష్టిలో దాని విలువ బాగా తక్కువ. కన్నం పూడ్చిన నాణెం కూడా అంతే.

బరువు ఒక్కటే అయితే నకిలీవాడు మందం పెంచి సరిచేసుకుంటాడు. అందుకే సాంద్రత చూడాలి. ఇంట్లో చేసుకోదగిన పరీక్షలన్నిటిలోకీ ఇదే మేలైనది. నాణేనికి ఏ హానీ ఉండదు. కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి అంకెను సున్నా చేయాలి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి, గ్లాసు అడుగుకూ గోడలకూ తగలకుండా, పూర్తిగా మునిగేలా నీళ్లలో వేలాడదీయాలి. గాలిబుడగలు అంటుకుంటే విదిలించాలి. అప్పుడు కాటా చూపేది నాణెం తోసిన నీటి బరువు. నాణెం బరువును ఆ అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది. 11.60 గ్రాముల నాణేనికి 1.12 దగ్గర అంకె వస్తే సాంద్రత 10.3 చిల్లర. 91.7 వంతుల వెండికి రావాల్సింది అదే. హైదరాబాద్ రూపాయికి 10.2కు దగ్గరగా, యుద్ధకాలపు సగం వెండి రూపాయికి 9.5కు దగ్గరగా రావాలి. జర్మన్ సిల్వర్ 8.7 దగ్గర, ఇత్తడి 8.5 దగ్గర ఆగిపోతాయి. పైన ఎంత తెల్లటి పూత ఉన్నా నీళ్లు దాన్ని లెక్కచేయవు. సీసంలో తగరం కలిపి 10.3 తెప్పించడం సాధ్యమే. కానీ ఆ లోహం మెత్తగా ఉంటుంది, మోగదు.

మోత సంగతి పాత షరాబులకు బాగా తెలుసు. రాతి మీద రూపాయి వేసి చెవితో వన్నె చెప్పేవారు. వేలి కొన మీద నాణేన్ని నిలిపి మరో నాణెం అంచుతో సుతారంగా తాకితే మంచి వెండి సన్నగా, సాగుతూ మోగుతుంది. సీసం కలిసింది టక్కున ఆగిపోతుంది. కానీ లోపల పగులున్న అసలు నాణెం కూడా మోగదు, కొన్ని ఇతర లోహాలు బాగానే మోగుతాయి. చెవి అనుమానం పుట్టిస్తుంది, తీర్పు చెప్పదు. అయస్కాంతం కూడా అంతే. అతుక్కుంటే లోపల ఇనుమో నికెలో ఉన్నట్టు. అతుక్కోనంత మాత్రాన వెండి అనుకోకూడదు, రాగీ ఇత్తడీ కూడా అతుక్కోవు. ఐసుముక్క పెట్టి చూసే పరీక్షకు చాలా ప్రచారం ఉంది. వేడిని ప్రసరింపజేయడంలో రాగి వెండికి దాదాపు సాటి కాబట్టి, వెండి పూసిన రాగి మీద కూడా ఐసు చకచకా కరుగుతుంది. గీటురాయి, ఆమ్లం మాత్రం దగ్గరికి రానివ్వకూడదు. వెండి తేలుతుంది గానీ నాణెం పాడవుతుంది.

నగల హాల్‌మార్కింగ్ కేంద్రాల్లో ఉండే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం లోహాల పాళ్లను నిమిషాల్లో చెబుతుంది. అయితే అది చూసేది పైపొరను మాత్రమే. మందంగా వెండి తొడిగిన నాణేన్ని అది మంచి వెండి అనే చెబుతుంది. దాని ఫలితాన్ని సాంద్రతతో కలిపి చదివితేనే అర్థం ఉంటుంది.

ఇక మిగిలింది అచ్చు. టంకశాలలో చదును చేసిన వెండి బిళ్ళను రెండు ఉక్కు అచ్చుల మధ్య పెట్టి యంత్రం బలంతో ఒక్క దెబ్బకు గుద్దుతారు. అందువల్ల అక్షరాల అంచులు పదునుగా, నడుమ నేల నున్నగా ఉంటుంది. అసలు నాణెం నుంచి మూస తీసి పోతపోసిన నకిలీలో అక్షరాలు గుండ్రబడతాయి, నేల మీద సూది మొనంత గుంటలు ఉంటాయి, లోహం చల్లారి కుంచించుకోవడంతో అడ్డుకొలత కాస్త తగ్గుతుంది. అంచు మీద రెండు సగాలు కలిసిన సన్నని గీత ఉంటుంది, లేదా దాన్ని ఆకురాయితో రుద్దిన ఆనవాళ్లుంటాయి. అసలు రూపాయి అంచు మీద నిలువు గాళ్లు ఒకే ఎడంతో, చుట్టూ తెగకుండా సాగుతాయి. కొనేవాళ్లు బొమ్మా బొరుసూ తిప్పి తిప్పి చూసి అంచును వదిలేస్తారని నకిలీవాళ్లకు తెలుసు. వాళ్ల పనితనం బయటపడేది ఎక్కువగా అక్కడే.

ఇప్పుడు పోత కన్నా యంత్రంతో గుద్దిన నకిలీలే ఎక్కువ ప్రమాదం. వాటి అచ్చును ఏదో ఒక అసలు నాణెం నుంచే తీస్తారు కాబట్టి, ఆ నాణెం మీద ఉన్న గీతలూ గాట్లూ కూడా అచ్చులోకి వచ్చేస్తాయి. ఒకే అమ్మకందారు దగ్గర రెండు రూపాయల మీద రాజు చెంప మీద ఒకే చోట ఒకే గీత ఉంటే రెండూ నకిలీవే. చలామణిలో పడే గాయం ఏ రెండు నాణేలకూ ఒకేలా ఉండదు.

రంగు గురించి కొనేవారికి పొరపాటు అభిప్రాయాలు చాలా ఉన్నాయి. నల్లగా ఉంటే పాతదనీ, తెల్లగా మెరిస్తే కొత్తదనీ అనుకుంటారు. గాలిలోని గంధకం తగిలి వెండి నల్లబడుతుంది, నిజమే. ఆ పనిని గంధకం పొగతో ఒక పూటలో చేయించవచ్చు. ఏళ్లకేళ్లు నల్లబడిన నాణేనికి అక్షరాల సందుల్లో ముదురుగా, చేయి తగిలే ఎత్తుల మీద లేతగా రంగు ఉంటుంది. హడావిడిగా నలుపు ఎక్కించిన దాని మీద అంతటా ఒకే మసి ఉంటుంది, బట్టతో రుద్దితే అంటుతుంది. అసలు నాణేన్ని చింతపండుతోనో, విభూతితోనో, టూత్‌పేస్టుతోనో తోమితే సేకరణ విలువ సగం పోతుంది. కొన్నాక చేయకూడని మొదటి పని అదే.

ధర కూడా ఒక పరీక్షే. చాలామంది దీన్ని మరిచిపోతారు. 1939 లోపలి బ్రిటిష్ రూపాయిలో 10.69 గ్రాముల మేలిమి వెండి ఉంటుంది. పాత చార్మినార్ రూపాయిలో సుమారు 9.14 గ్రాములు, 1940ల రూపాయిలో 5.83 గ్రాములు. కొనే రోజు వెండి ధరతో గుణిస్తే ఎంతొస్తుందో ఫోనులోనే తేలుతుంది. అంతకన్నా తక్కువకు ఎవరైనా అమ్ముతున్నారంటే, తమ దగ్గరున్నది వెండి కాదని వాళ్లకు తెలుసన్నమాట. కంసాలికి కరిగించి అమ్మినా ఎక్కువొచ్చేదాన్ని ఎవరూ దయతో తక్కువకివ్వరు.

పునాదులు తవ్వుతుంటే బిందె దొరికిందనీ, పోలీసులకు తెలియకుండా త్వరగా వదిలించుకోవాలనీ చెప్పేవాళ్ల పద్ధతి పాతదే. నమూనాగా ఒకటి రెండు అసలు రూపాయలిస్తారు, కంసాలి దగ్గర చూపించుకోమంటారు. నమ్మకం కుదిరాక మూట ఇస్తారు. మూటలోది జర్మన్ సిల్వర్. నిజంగా తవ్వకంలో దొరికిన నిధి అయితే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. కాబట్టి ఆ కథ నిజమైనా కొన్నవారికి చిక్కే.

రాముడి పట్టాభిషేకం, హనుమంతుడు, లక్ష్మీదేవి బొమ్మలతో, ఈస్టిండియా కంపెనీ పేరుతో, 1818 తేదీతో ‘వన్ అణా’, ‘హాఫ్ అణా’ అని తిరిగే బిళ్ళల గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. కంపెనీ అలాంటివి ఎన్నడూ వేయలేదు. అవి నకిలీలు కూడా కావు, ఎందుకంటే వాటికి అసలు లేదు. అవి బియ్యాన్ని లాగుతాయంటూ ‘రైస్ పుల్లింగ్’ ముఠాలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లక్షలు గుంజాయి. పాత నాణేలను కోట్లకు కొంటామని, ముందు రుసుము కట్టమని తన పేరుతో వచ్చే ప్రకటనలను నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు బొమ్మా బొరుసుల ఫోటోలతో ఆగకుండా అంచు ఫోటో, కాటా మీద పెట్టిన ఫోటో అడగాలి. వాపసు తీసుకుంటారా అని రాతపూర్వకంగా తేల్చుకోవాలి. ఎన్‌జీసీ, పీసీజీఎస్ వంటి అమెరికన్ సంస్థలు పరీక్షించి సీలువేసిన ప్లాస్టిక్ పెట్టెల్లోని నాణేలకు నమ్మకం ఎక్కువ. ఆ పెట్టెలకు కూడా నకిలీలు వచ్చాయి కనుక, పెట్టె మీది సంఖ్యను ఆ సంస్థ వెబ్‌సైట్‌లో వెతికి, అక్కడ ఫోటో ఉంటే చేతిలోని నాణెంతో గీతగీతా పోల్చుకోవాలి. విదేశాల్లో ఉన్న తెలుగువారు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువే. ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించకూడదు. తాతగారి విక్టోరియా రూపాయిని సూట్‌కేసులో పెట్టుకోవడమూ అందులోకే వస్తుంది.

కన్ను కుదరాలంటే అసలు నాణేలను చూడటం ఒక్కటే దారి. హైదరాబాద్ సైఫాబాద్‌లో నిజాం కాలపు టంకశాల భవనం 2022 నుంచి మ్యూజియంగా ఉంది. పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో పెద్ద నాణేల సేకరణ ఉంది. కొత్తగా మొదలుపెట్టేవారు అరుదైనదాని జోలికి వెళ్లకుండా, తెలిసిన వర్తకుడి దగ్గర 1918 నాటి మామూలు జార్జి రూపాయి ఒకటి కొని దగ్గర పెట్టుకోవడం మంచిది. ఆ ఏడాది లెక్కలేనన్ని గుద్దారు గనుక వెండి ధరకు కాస్త అటూ ఇటుగా దొరుకుతుంది. తర్వాత చూసే ప్రతి నాణేన్నీ తూకంలో, మోతలో, అంచులో దానితో పోల్చుకోవచ్చు. అరుదైన నాణెం కొన్న రోజున బిల్లు మీద సంవత్సరం, టంకశాల, లోహం, అసలు నాణెమన్న మాట రాయించుకోవాలి. అలా రాసివ్వడానికి నసిగే దుకాణంలో ఎంత తక్కువకు ఇచ్చినా కొనకూడదు.